ఆదివారం పడని షుగరు

శ్రీవారికి,

మొదటి లైను దగ్గరే ఇరవై నిమిషాలు కూర్చున్నాను. ఉత్తరం ఎవరికి రాసినా "ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టాలని మూడో తరగతిలో నేర్పారు. అప్పటినుంచీ ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. నిజంగా క్షేమంగా లేనివాళ్ళు ఆ లైను ఎలా రాస్తారు? టీచరమ్మని అడిగాను. "నీకెందుకే ఆ గొడవ, ముందు నువ్వు రాయి" అంది. రాశాను. నలభై నాలుగేళ్ళు వచ్చాయి, ఇప్పటికీ రాస్తూనే ఉన్నాను, ప్రశ్న అలాగే ఉంది.

మీకైతే ఆ లైనుతో పని కూడా లేదు. నా చేతికి అతుక్కున్న ఈ సెన్సారు ఐదు నిమిషాలకోసారి నా షుగరు ఎంతో నా ఫోనుకి చెబుతుంది, నా ఫోను మీ ఫోనుకి చెబుతుంది. ఈ ముక్క రాసేటప్పటికి నూట పద్దెనిమిది. పక్కన బాణం అడ్డంగా ఉంది. అంటే ఎక్కడమూ లేదు, దిగడమూ లేదు. కాబట్టి నేను క్షేమం. అంతవరకూ నిజమే.

మీ ఉత్తరం మంగళవారం అందింది. పంపు గది రిజిస్టరు కాగితాల మీద రాశారు కదా, "నీటి మట్టం", "పంపు నంబరు", "డ్యూటీలో ఉన్నవారి సంతకం" అని అచ్చువేసిన గళ్ళ మీదుగా మీ అక్షరాలు గోడలు దూకుతూ పోయాయి. సంతకం గడిలో సరిగ్గా "తిన్నావా" అన్న మాట పడింది. మొదటిసారి చదివినప్పుడు దానికి నవ్వాను. మూడోసారి నవ్వు రాలేదు.

"ఫోనులో అడిగితే ఏం లేదు, బాగానే ఉన్నాను అంటావు. నీ సంగతి నాకు తెలియదా? రాసి పంపు" అన్నారు. ఆదివారం లోపు నా జవాబు అందకపోతే సోమవారం రాజీనామా కాగితం ఇచ్చేస్తానన్నారు. మీ కంపెనీ జీపు రేపు పొద్దున్న ఇక్కడి ఆఫీసు నుంచి బయల్దేరుతుంది. అందుకని ఇది ఈ సాయంత్రమే ముగియాలి. మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు. అడిగిన వరుసలోనే చెబుతాను. కష్టమైనది చివర్లో పెట్టారు, నేనూ దాన్ని చివరికే ఉంచుకుంటాను. పరీక్ష హాల్లో నా విద్యార్థులు చేసే పనే ఇది. తేలికైనవి రాస్తూ గడియారం వైపు చూడటం.

స్నానాల గది కుళాయి బాగైంది. ప్లంబరు మూడుసార్లు తిప్పించుకుని నాలుగోసారి వచ్చాడు. "ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా అమ్మా, ఇంత చిన్న వాషరుకి నన్ను పిలిచారు?" అన్నాడు. "ఉన్నారు బాబూ, కొండ కింద సొరంగంలో నీళ్ళు తోడిస్తున్నారు. వాళ్ళ దగ్గర పదకొండు పెద్ద పంపులున్నాయి" అన్నాను. అతను రెంచి కింద పెట్టి నా వంక చూశాడు. "ఇక్కడ ఇల్లు కారుతుంటే అక్కడికెళ్ళి కొండని ఆరబెడుతున్నారా?" అన్నాడు. మీకు చెప్పాలనిపించింది. ఫోను తీశాను, మీరు లోపల ఉండే వేళ అని గుర్తొచ్చి పెట్టేశాను. కుళాయి బాగుపడ్డాక ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. ఆ చుక్క పడే చప్పుడుకి ఎంత అలవాటుపడ్డానో, అది ఆగితే ఇంట్లోంచి ఇంకో మనిషి వెళ్ళిపోయినట్టుంది.

రెండోది, చేతి మీద దద్దురు తగ్గింది. మచ్చ మాత్రం ఉంది. "పది రోజులకోసారి మార్చేటప్పుడు ఎప్పుడూ ఆ ఎడమచేతికే ఎందుకు పెట్టుకుంటావు, కుడిచేతికి మార్చి చూడకూడదా?" అని అడిగారు. మార్చాను. ఎందుకు ఇన్నాళ్ళూ మార్చలేదో కింద చెబుతాను.

మూడోది, తాళంచెవి పక్కింటి టైలరమ్మ దగ్గరే ఉంది. మీరు ఫోనులో ఆవిడకి ఇచ్చిన పాఠం బాగా తలకెక్కింది. మొన్న నన్ను గుమ్మంలో ఆపి అప్పజెప్పింది. "అలారం మోగిందని సారు ఫోను చేస్తే తలుపు తీసుకుని రావాలి. మీకు స్పృహ ఉంటే పళ్ళరసం తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, అంబులెన్సుకి చెప్పాలి. అంతే కదా మేడమ్? మరి స్పృహ ఉందో లేదో నాకెలా తెలుస్తుంది?"

"నన్ను నాలుగు తిట్టండి. తిరిగి తిడితే ఉన్నట్టు."

"మీకు తిట్లు వచ్చా?" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. మంచి మనిషి. గోడకవతల ఆవిడ కుట్టుమిషను నడుస్తున్నంతసేపూ నాకు తోడున్నట్టే ఉంటుంది. అది ఆగితే పేపర్లు దిద్దడం నేనూ ఆపేసి, మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందా అని చెవి పెడతాను. ఆమధ్య మీరు కంగారుపడి ఆవిడకి ఫోను చేసిన రోజున, వేడి ఇస్త్రీపెట్టె ఎవరిదో జాకెట్టు మీద అలాగే వదిలేసి పరిగెత్తుకొచ్చింది. జాకెట్టు వీపు మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో కాలిపోయింది. "పోనీలెండి, గుడ్డ కాలితే ఇంకో గుడ్డ దొరుకుతుంది" అంది. మీకు ఆ సంగతి చెప్పలేదు. అది కూడా కింద వస్తుంది.

ఇక నాలుగోది. మీ మాటల్లోనే రాస్తాను. "రెండున్నర నెలల్లో పదహారు సార్లు డెబ్భై కంటే కిందికి పడింది. ఇదివరకు నెలకొకటి కూడా లేదు. పొద్దున్న చూస్తే రెండువందల నలభై, సాయంత్రం చూస్తే అరవై. నువ్వొక్కదానివే ఉండటం ఇక కుదరదు. వచ్చేయనా?"

దీనికి జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఓపిక పట్టండి.

ఈ సెన్సారు మీరు పట్టుబట్టి పెట్టించినప్పుడు నేను సణిగాను. పదిహేనేళ్ళుగా రోజుకి ఆరుసార్లు వేలు గుచ్చుకుంటూ బతికినదాన్ని, నాకు ఇదెందుకు అన్నాను. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్షలో నేను ఎప్పుడూ పాసే కదా అని గొప్పలు పోయాను. సగటు నమ్ముకున్న స్టాటిస్టిక్స్ లెక్చరర్ని చూసి మీరు నవ్వారు. నవ్వాల్సిందే. సగటున మోకాలి లోతున్న నదిలో కూడా మనిషి మునగొచ్చని ఏటా మొదటి క్లాసులో చెప్పేది నేనే. వేలు గుచ్చుకుంటే తెలిసేది ఒక చుక్క. ఆ చుక్కకీ తర్వాతి చుక్కకీ మధ్య గంటల్లో నా ఒంట్లో ఏం జరిగిందో నాకు పదిహేనేళ్ళు తెలియలేదు. సెన్సారు పెట్టిన మొదటి వారం ఆ గీతని చూస్తూ కూర్చుండిపోయాను. ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్తే షుగరు ముప్ఫై పెరుగుతుందనీ, భోజనం తర్వాత పావుగంట నడిస్తే కొండ గుట్టవుతుందనీ నాకు అప్పుడే తెలిసింది. నేను ఒంటరిగా ఉన్నాననుకున్న గదిలో ఇంకెవరో ఉండి అన్నీ రాసిపెట్టినట్టనిపించింది.

అది నన్ను కాపాడిన రోజు కూడా మీకు పూర్తిగా చెప్పలేదు. ఆరు నెలల కిందట, పదకొండు గంటల క్లాసు. బల్ల మీద ఫోను మోగింది. "మేడమ్, మీ ఫోను" అన్నారు పిల్లలు. డెబ్భై నాలుగు, రెండు బాణాలు నిలువునా కిందికి. నాకు చెమట లేదు, వణుకు లేదు, ఏమీ లేదు. ఇన్నేళ్ళకి నా ఒంటికి హెచ్చరికలు చేయడం విసుగొచ్చినట్టుంది. ఆ ముందు ఏడు ఇలాంటప్పుడే బోర్డు దగ్గర పడిపోయి, అటెండరు ఒళ్ళో తలతో, గుప్పిట్లో సుద్దముక్కతో లేచాను. ఈసారి కుర్చీలో కూర్చుని నాలుగు గ్లూకోజు బిళ్ళలు నమిలాను.

"ఏంటి మేడమ్, చాక్లెట్లా? మాకు లేవా?" అంది ముందు బెంచీ అమ్మాయి.

"ఉన్నాయి. రోజుకి నాలుగు ఇంజెక్షన్లు చేయించుకున్నవాళ్ళకే ఇస్తారు. చెయ్యి పట్టు."

క్లాసంతా గొల్లుమంది. పావుగంటకి బాణం అడ్డమైంది. సగటు దగ్గర ఆపిన పాఠం సగటు దగ్గరే అందుకున్నాను. ఒక అలారం, నాలుగు బిళ్ళలు, ఒక జోకు. అంతే. పోయిన ఏడు అది ఒక ఆస్పత్రి మంచం. దీని విలువ తెలియనిదాన్ని కాను. అది ముందు గట్టిగా రాసుకోవాలి, ఎందుకంటే ఇకమీద రాసేది దాని మీద నేరం మోపినట్టుంటుంది. నేరం దానిది కాదు.

ఆ సాయంత్రం మీరు సొరంగంలోంచి బయటికొచ్చి, ఫోనుకి సిగ్నలు తగిలాక, పొద్దుటి గుంటని చూశారు. మెసేజి పంపారు. "చూశాను. సర్దుకున్నావుగా. గుడ్." పక్కన ఒక బొటనవేలు. నాకు ఆ చాక్లెట్ల జోకు చెప్పాలని ఉంది. చెప్పేవేళకి మీరు క్వార్టర్సుకి వెళ్ళిపోయారు. అక్కడ మెసేజి వస్తుంది గానీ మాట నిలబడదు.

అంతకుముందు ఎలా ఉండేదో మీకు గుర్తుందా? రోజూ ఆరున్నరకి, మాట తెగకుండా సిగ్నలు దొరికే ఆ పెద్ద బండ ఎక్కి నిలబడి ఫోను చేసేవారు. మొదటి మాట "ఎంతుంది?" అని. నేను వేలు గుచ్చుకుని అంకె చెప్పేదాన్ని. ఆ తర్వాత "ఏం వండావు", "ఏమంటున్నాడు మీ ప్రిన్సిపాలు", "ఇవాళ నీళ్ళు ఎక్కువొచ్చాయి తెలుసా" అని ఎక్కడెక్కడికో వెళ్ళేది. తలుపుకి మడతబందు ఎంతుంటుంది? ఆ "ఎంతుంది" అంతే ఉండేది, కానీ మాటల తలుపంతా దాని మీదే తిరిగేది. సెన్సారొచ్చాక అడగాల్సిన పని పోయింది. మీకు ముందే తెలుసు. మొదటి నెల రోజు విడిచి రోజు చేశారు. రెండో నెలకి ఆదివారం మిగిలింది. మీరు తప్పు చేశారనడం లేదు. పది గంటలు తడి చెప్పులతో నిలబడిన మనిషి, భార్య బాగుందని కళ్ళారా చూశాక, మళ్ళీ ఆ బండ ఎందుకెక్కుతాడు? నా రక్తమే మీకు ఐదు నిమిషాలకో ఉత్తరం రాస్తుంటే, ఇక నాతో పనేముంది?

నిన్న షుగరు క్లినిక్కుకి వెళ్ళాను. డాక్టరు గారి దగ్గరికి పంపేముందు ఆరేడు నెలల గీతలు తీసి చూసేది అక్కడి సీనియర్ నర్సమ్మ. కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంటుంది, ఎవరి దగ్గరా మొహమాటపడదు. కాగితాలు బల్ల మీద వరుసగా పరిచి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీరు లెక్కలు చెబుతారు కదా మేడమ్?"

"స్టాటిస్టిక్స్."

"ఏదో ఒకటి. మరి మీరే చెప్పండి. ఇది చూడండి, క్లాసులో మీకు షుగరు పడిన రోజు. మెట్లు దిగినట్టు దిగింది, తిన్నాక మెట్లెక్కినట్టు ఎక్కింది. ఇప్పుడిది చూడండి. బావిలో బొక్కెన జారినట్టు పడింది. మళ్ళీ ఎవరో తాడు లాగినట్టు లేచింది. ఏం తిన్నారు అప్పుడు?"

"గుర్తులేదు."

"ఇలాంటివి పద్నాలుగున్నాయి. అన్నీ సాయంత్రం ఆరున్నరకే. ఆదివారం ఒక్కటంటే ఒక్కటి లేదు." కళ్ళజోడు పైకి తోసుకుంది. "మీ షుగరుకి ఆదివారం సెలవా మేడమ్?"

ఆవిడ నా ఎడమచెయ్యి తీసుకుని, సెన్సారు చుట్టూ ఉన్న మచ్చని బొటనవేలితో నెమ్మదిగా రాసింది. "ఈ మిషను రక్తాన్ని చూడదు. చర్మం కింద ఉండే నీటిని చూస్తుంది. దాని మీద పడుకుని నొక్కితే ఆ నీరు అక్కడికి రాదు, అంకె ఊరికే పడిపోతుంది. నిద్రలో అందరికీ అవుతుంది. సాయంత్రం ఆరున్నరకి మీరు రోజూ నిద్రపోతారా?"

"లేదు."

"మీ అంకెలు ఇంకెవరి ఫోనుకైనా వెళ్తాయా?"

"మా ఆయనకి."

"అలారం మోగితే ఫోను చేస్తారా?"

"చేస్తారు."

ఆవిడ కాగితాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, అంచులు సరిచేసి, మళ్ళీ విప్పి, మళ్ళీ పేర్చింది. ఆ తర్వాత, "మా ఆయనకైతే నెత్తి మీద మోగినా వినబడదు. వంటింట్లో గిన్నెల బీరువా కూలినా పేపరు దించడు" అంది. నన్ను నవ్వించడానికే అంది. నవ్వబోయాను, ఏడుపొచ్చింది. ఆవిడ అటు తిరిగి కొత్త సెన్సారు పొట్లం విప్పింది.

ఏవండీ, ఇదీ సంగతి. పదహారులో పద్నాలుగు నేను చేసినవి.

మొదటిది కావాలని చేయలేదు. ఆ రోజు తలనొప్పితో కాలేజీ నుంచి వచ్చి సోఫాలో ఎడమచేతి మీద పడి నిద్రపోయాను. అలారానికి లేచేసరికి మీ ఫోను. చెయ్యి తిమ్మిరెక్కి నాది కానట్టుంది. అటువైపు మీరు ఆయాసపడుతున్నారు. క్వార్టర్సు నుంచి బండ దాకా ఎత్తంతా పరిగెత్తారు. "మాట్లాడకు, ముందు తిను. నమిలావా? చప్పుడు వినిపించేలా నములు" అన్నారు. నమిలాను. ఎందుకైనా మంచిదని వేలు కూడా గుచ్చుకుని చూశాను. నూట ఇరవై నాలుగు. నాకేమీ కాలేదు. ఆ అంకె మీకు చెప్పాలి. నోటిదాకా వచ్చింది. అంతలో మీరు, "లైను పెట్టెయ్యకు, కాసేపు ఏదైనా మాట్లాడుతూ ఉండు, నేనూ మాట్లాడతాను" అన్నారు. రాతి పగుల్లోంచి వేడినీళ్ళ ఊట ఒకటి వచ్చిందనీ, కుర్రాళ్ళు అందులో టీ డబ్బాలు పెట్టి వెచ్చబెట్టుకుంటున్నారనీ, మీరు కూడా చెయ్యి పెట్టి చూస్తే కొండకి జ్వరం వచ్చినట్టనిపించిందనీ చెప్పారు. నలభై మూడు నిమిషాలు. పెళ్ళయిన కొత్తలో కూడా మీరు అంతసేపు మాట్లాడలేదు. నూట ఇరవై నాలుగుని మింగేశాను. మొదటి అబద్ధం అదే. మిగిలినవన్నీ దాని పిల్లలు.

ఐదు రోజుల తర్వాత, ఆరుంబావుకి, సోఫా చెక్కచేతి మీద ఎడమచెయ్యి ఆనించి బరువంతా వేసి కూర్చున్నాను. కుడిచేత్తో ఫోను పట్టుకున్నాను. అందుకే ఎడమచేతికే పెట్టుకునేదాన్ని. ఇరవై నిమిషాలకి తొంభై, ఎనభై, అరవై ఎనిమిది. మీరు చేశారు. మీ గొంతు విన్నాక చెయ్యి తీశాను. ఏ చదువూ లేనివాళ్ళు చేసినా నవ్విపోతారు. అంకెలు ఎలా సేకరించాలో ఇరవై ఏళ్ళుగా పిల్లలకి చెబుతున్నదాన్ని, సోఫా చేతికి మోచెయ్యి అదుముకుని కూర్చున్నాను. "నాన్నా పులి" కథ నాకు తెలియదా? తెలుసు. ఆ కథలో పిల్లవాడికి ఆ రోజు ఎవరితోనైనా మాట్లాడాలనిపించిందేమో అని ఎవరూ అడగలేదు, అంతే.

నాలుగోసారి నేను వెంటనే ఫోను ఎత్తలేదు. మోగనిచ్చాను. మోగుతుంటే వినడం బాగుంది. మీరు కంగారుపడి టైలరమ్మకి చేశారు. ఆవిడ నోట్లో గుండుసూదులతో పరిగెత్తుకొచ్చింది. ఆ జాకెట్టు కాలింది ఆ రోజే. ఆవిడ "స్పృహ ఉందా మేడమ్?" అని నా చెంపలు తడుతుంటే, నాకు నిజంగానే స్పృహ లేకపోతే బాగుండుననిపించింది. రెండు వారాలు మానేశాను. మళ్ళీ మొదలుపెట్టాను.

సాయంత్రాలు పడిపోతోందని చూసి డాక్టరు గారు పోయిన నెల ఇన్సులిన్ తగ్గించారు. పొద్దున్నకి రెండువందల నలభై మీరు చూశారే, అవి మాత్రం నిజమైనవి. నాలుక పిడచగట్టుకుపోయి, కళ్ళు మసకబారి, మొదటి గంట పాఠం కుర్చీలోంచే చెప్పాను. అబద్ధపు గుంటలు నింపడానికి నిజమైన కొండలు లేచాయి. మీరు ఆ రెండూ కలిపి చూసి, ఒంటరిగా ఉండటం ఇక కుదరదని తేల్చుకున్నారు. మీ లెక్క తప్పు కాదు. నేనిచ్చిన అంకెలు తప్పు.

నిజంగా పడినవి రెండే. రెండూ పట్టపగలు, మీరు కొండ కింద ఉన్నప్పుడు. రెండుసార్లూ సెన్సారు మోగింది, నేను తిన్నాను, సర్దుకుంది. అవి మీ దాకా వచ్చేటప్పటికి మానిపోయిన దెబ్బలు. అబద్ధపువి మాత్రం మీ డ్యూటీ టైము చూసుకుని వచ్చాయి.

నర్సమ్మ కొత్తది కుడిచేతికి పెట్టింది. "ఫోను పట్టుకునే చెయ్యి కదా, నొక్కడం కష్టం" అంది. "సెన్సారు నొక్కుకుపోయి తప్పు అంకెలొచ్చాయని డాక్టరు గారికి రాస్తాను. నొక్కిందెవరో రాయను. అది ఎవరికి రాయాలో వాళ్ళకి మీరే రాయండి" అంది. డాక్టరు గారు ఇన్సులిన్ మళ్ళీ పాత మోతాదుకి తెచ్చారు. ఇవాళ పొద్దున్న నూట ముప్ఫై. మీరు చూసే ఉంటారు. టైలరమ్మకి కూడా మధ్యాహ్నం చెప్పాను. ఆవిడ మిషను ఆపి, "ఈమాత్రానికి సారుని అన్ని పరుగులెందుకు పెట్టించారు మేడమ్? ఆ గోడ మీద రెండు దెబ్బలు కొడితే నేనొస్తాను కదా" అంది. కోపం కూడా ఉంది ఆ మాటలో. ఉండాలి.

కాబట్టి మీ నాలుగో ప్రశ్నలో సగానికి జవాబు దొరికింది. పద్నాలుగు కొట్టేయండి. మిగిలిన రెండిటి కోసం ఎవరూ ఉద్యోగం మానుకోనక్కర్లేదు. సొరంగం ఇంకా రెండువందల పది మీటర్లుందని రాశారు. నాలుగేళ్ళుగా మీరు నాకు చెబుతున్నది ఆ అవతలి వెలుతురు గురించే. అటువైపు నుంచి తవ్వుకొస్తున్నవాళ్ళ చప్పుడు రాతికి చెవి ఆనిస్తే వినబడుతోందన్నారు. నేను మోచెయ్యి ఆనించి కూర్చున్నందుకు మీరు ఆ చెవి తీసేయకూడదు.

అంతవరకూ రాయడం, ఎంత సిగ్గేసినా, తేలికగానే ఉంది. మిగిలిన సగం దగ్గరే కలం ఆగిపోతోంది. అలారాలన్నీ తీసేశాక కూడా మీ ప్రశ్న అక్కడే ఉంది. వచ్చేయనా, అని.

రండి అని రాద్దామనుకున్నాను. రాస్తే అది పదిహేనో అలారం అవుతుందేమో. వద్దు, నేను బాగానే ఉన్నాను అని రాద్దామనుకున్నాను. అది మూడో తరగతిలో నేర్పిన మొదటి లైను. ఇంకోటి కూడా ఉంది. మీరు ఈ ఇంట్లోనే, ఆ ఎదురు కుర్చీలోనే ఉంటే, ఆరున్నరకి ఎత్తు మీదికి పరిగెత్తేదెవరు? నాకు కావలసింది మీరేనా, మీ ఆయాసమా? చెవిలో ఆ ఆయాసం విన్న సాయంత్రాలు నేను బతికినంత బాగా, మీరు సెలవుకి వచ్చి పక్కనే పేపరు చదువుకున్న సాయంత్రాలు బతికానా? మీరు రావాలని లేదని కాదు. ఎందుకు రావాలని ఉందో నాకు తెలియకుండా మిమ్మల్ని పిలవడానికి చెయ్యాడటం లేదు.

సెన్సారుని అడిగే ప్రశ్న కాదు ఇది. ఇప్పుడు నూట ఆరు. బాణం అడ్డంగానే ఉంది. ఈ సాయంత్రపు గీత మీరు ఈపాటికి బండ దగ్గర చూసేసి ఉంటారు. చదునుగా, ప్రశాంతంగా ఉంటుంది. అందులో ఈ ఉత్తరం కనబడదు.

రేపు జీపు వెళ్ళిపోతుంది. రండి అనీ రాయలేదు, వద్దనీ రాయలేదు. నాకు తెలియదు. ఇంకో రెండు రోజులిచ్చినా తెలియదనే రాస్తాను.

ఇట్లు,
గోడవతల మిషను ఆగిపోయిన ఈ గదిలో,
సెన్సారు కుడిచేతికి మార్చుకున్న
మీ ఇల్లాలు